పడి లేచినవారి సహవాసము

మద్యపానమువలన కలుగు అనర్థములను గూర్చి మన ప్రసంగపీఠములమీద చెప్పని మాట లేదు. కాపురములు కూలుట, పిల్లలు పస్తులుండుట, నడివయస్సుననే కాలేయము చెడి మనుష్యుడు మంచము పట్టుట, ఇవన్నియు మన మెరిగినవే. అయితే ప్రియ చదువరులారా, ఈ మాటలు మనము ఎవరితో చెప్పుచున్నాము? ఎక్కువగా త్రాగనివారితోనే. త్రాగువాడు ఆ ఆదివారము గుడికి రాడు. వచ్చినను వెనుక ద్వారమునొద్ద నిలిచి, ఆశీర్వాదము కాకముందే వెళ్లిపోవును. త్రాగుడు తప్పని అతనికి తెలియదని మనము తలంచుదుము. నిజమునకు ఆ సంగతి అతనికి తెలిసినంతగా మనకెవరికిని తెలియదు. అతనికి తెలియనిది మానుట యెట్లన్నది. అంతకంటెను, మానినవాడు మరల ముట్టకుండ నిలుచుట యెట్లన్నది. ఈ రెండవ ప్రశ్నకు జవాబు వెదకిన చరిత్ర దాదాపు నూరేండ్లు నడిచినది. అందులో పాదిరులు కలరు, వైద్యులు కలరు, ఒక కన్యాస్త్రీ కలదు. కాని ముఖ్యమైన పని చేసినవారు త్రాగుబోతులే.

1840 ఏప్రిల్ నెలలో, అమెరికాలోని బాల్టిమోరు పట్టణమందు చేజ్ అనువాని పానశాలలో ఆరుగురు స్నేహితులు కూర్చుండి త్రాగుచుండిరి. ఒకడు కుట్టుపనివాడు, ఒకడు వడ్రంగి, ఇద్దరు కమ్మరులు, ఒకడు బండ్లు చేయువాడు, ఒకడు వెండిపూత వేయువాడు. ఆ దినములలో ఊరిలో మద్యపాన నిషేధ ప్రసంగమొకటి జరుగనుండెను. ఆ ప్రసంగీకుడేమి చెప్పునో విని రండని వారు తమలో కొందరిని పంపిరి. వేడుకకే గాని వేరు ఉద్దేశము లేదు. వెళ్లినవారు తిరిగి వచ్చిన పిమ్మట మాటమీద మాట పెరిగెను. కొన్ని దినములలోనే ఆరుగురును ఇక ముట్టమని ప్రతిజ్ఞాపత్రము వ్రాసి సంతకములు చేసి, తమ దేశపు మొదటి అధ్యక్షుని పేరున వాషింగ్టన్ సంఘమని దానికి పేరు పెట్టుకొనిరి.

అంతకుముందున్న నిషేధ సంఘములవారి ఆలోచన వేరు. ముదిరిన త్రాగుబోతు బాగుపడడు, అతడు చచ్చువరకు అంతే. కొద్దిగా త్రాగువారిని కాపాడిన చాలునని వారు తలంచిరి. బాల్టిమోరు పనివారు ఈ తలంపును తలక్రిందులు చేసిరి. వారి కూటములలో ప్రసంగీకుడు లేడు. ఒక్కొక్కడు లేచి తాను ఎట్లు త్రాగెనో, ఏమి పోగొట్టుకొనెనో, ఎట్లు మానెనో తన నోటనే చెప్పెడివాడు. టోపీలు చేయు జాన్ హాకిన్సు అనునతడు ఆ జూన్ నెలలో వారిలో చేరి, పిమ్మట ఊరూర తిరిగి తన కథ చెప్పెను. లక్షలమంది సంతకములు చేసిరి. 1842 ఫిబ్రవరి 22న స్ప్రింగ్‌ఫీల్డు పట్టణములో ఆ సంఘమువారి సభలో ఒక యువ న్యాయవాది మాటలాడెను. మనలో త్రాగుడుకు లోనుకానివారు తప్పించుకొన్నది తమ గుణాధిక్యమువలన కాదు, వారికి ఆ దాహమే లేకపోవుటవలన అని ఆయన భావము. ఆ మాట భక్తిపరులు కొందరికి రుచించలేదు. ఆ న్యాయవాది అబ్రహాము లింకను.

ఇంత వేగముగా పెరిగిన సంఘము పదియేండ్లలోపుగనే వాడిపోయెను. కారణములు పలువిధములు. రాజకీయములు, శాసనములను గూర్చిన వాదములు, బానిసత్వమును గూర్చిన వాదములు లోపలికి వచ్చెను. త్రాగని పెద్దమనుష్యులు వచ్చి అగ్రాసనములలో కూర్చుండిరి. కాని నా అభిప్రాయములో ముఖ్యమైన కొరత వేరొకటి: సంతకము చేసిన మరునాడు ఏమి చేయవలెనో ఆ పత్రములో లేదు. ఐర్లండులో ఫాదర్ మాథ్యూ 1838లో ఆరంభించిన ప్రతిజ్ఞా ఉద్యమమునకును లక్షలాది జనులు చేరి, ఆయన పోయిన పిమ్మట చాలమట్టుకు చల్లారిరి. సంతకము ఒక్క నిమిషము పని. దాహము ప్రతి సాయంకాలము వచ్చును.

ఇక న్యూయార్కునకు వత్తము. ఐర్లండునుండి వచ్చిన జెర్రీ మెకాలీ దొంగయై సింగ్ సింగ్ చెరసాలలో శిక్ష అనుభవించి, అక్కడ ప్రభువును తెలిసికొని, విడుదలయై మరల పడి, మరల లేచెను. 1872లో ఆయన వాటర్ స్ట్రీటులో, నావికులును త్రాగుబోతులును తిరుగు ఆ వీధిలోనే, ఒక మిషను ఇల్లు తెరచెను. అక్కడ భోజనము పెట్టుదురు, పాట పాడుదురు, మారినవారు సాక్ష్యము చెప్పుదురు. 1882లో సామ్యూలు హాడ్లీ అను త్రాగుబోతు మెకాలీయొద్ద మోకరించి లేచి, పిమ్మట ఆ వాటర్ స్ట్రీటు మిషనునకు పెద్దయై అనేకులను నడిపించెను. హాడ్లీ చెప్పిన సాక్ష్యమును విలియం జేమ్సు అను తత్త్వశాస్త్ర పండితుడు 1902లో ప్రచురించిన తన గ్రంథములో చేర్చెను. ఆ గ్రంథము పేరు 'ది వెరైటీస్ ఆఫ్ రిలిజియస్ ఎక్స్‌పీరియన్స్'. ఈ గ్రంథమును మరచిపోకుడి. ముప్పది రెండేండ్ల తరువాత ఒక ఆసుపత్రి మంచముమీద మనకు మరల కనబడును.

ఇంకొక పాయ మన దేశముమీదుగా ప్రవహించినది. ఫ్రాంకు బుక్‌మన్ అను అమెరికా లూథరను పాదిరి 1915లో వై.ఎం.సి.ఏ. పక్షమున భారతదేశమునకు వచ్చి, షెర్వుడ్ ఎడ్డీగారి సువార్త కూటములతో కూడ తిరిగెను. వేలమంది కూడిన పందిళ్లను చూచి ఆయనకు తృప్తి కలుగలేదు. ఒక మనుష్యుడు ఒక మనుష్యునితో ఎదురుగా కూర్చుండి తన పాపమును దాచక చెప్పుకొనినప్పుడే మార్పు కలుగునని ఆయనకు తోచెను. మన ఉజ్జీవ కూటముల లెక్కలు వ్రాసికొనువారు ఈ సంగతి ఆలోచింపదగినది. ఆయన చుట్టు చేరినవారికి పిమ్మట ఆక్స్‌ఫర్డ్ గ్రూపు అని పేరు వచ్చెను. నిజాయితీ, పవిత్రత, నిస్స్వార్థత, ప్రేమ అను నాలుగింటిని కొరత లేకుండ పాటించవలెననియు, చేసిన తప్పులు ఒప్పుకొని నష్టము సరిచేయవలెననియు, ప్రతి ఉదయము దేవునియెదుట మౌనముగా కూర్చుండవలెననియు వారి నియమములు. న్యూయార్కులో వారికి ఆధారమైన కాల్వరీ దేవాలయమునకు సామ్యూలు షూమేకరు పాదిరి. ఆ సంఘము నడిపిన కాల్వరీ మిషను పనిలో ఆ వాటర్ స్ట్రీటు హాడ్లీ కుమారుడును పాలుగొనెను.

రోలండ్ హజార్డు అను ధనవంతుడు త్రాగుడు మానలేక స్విట్జర్లండులోని ప్రసిద్ధ మనోవైద్యుడు కార్ల్ యుంగ్ యొద్దకు వెళ్లెను. వైద్యము ఫలింపలేదు. తన శాస్త్రము నీకు ఇక పనిచేయదనియు, హృదయమును మార్చివేయు ఆత్మీయానుభవము కలిగిననే తప్ప ఆశ లేదనియు ఆ వైద్యుడు దాచక చెప్పెను. తన చేతగానితనమును ఒప్పుకొన్న వైద్యుడు అరుదు. ఈ చరిత్రలో ఆ ఒప్పుకోలు పెద్ద మేలు చేసినది. రోలండు ఆక్స్‌ఫర్డ్ గ్రూపులో చేరి నెమ్మది పొందెను. 1934లో ఎబీ థాచర్ అను మరియొక త్రాగుబోతును న్యాయాధిపతి నిర్బంధములో పెట్టించబోగా, రోలండు తన స్నేహితులతో కూడ వెళ్లి విడిపించుకొని వచ్చెను. ఎబీ ఆ నవంబరులో తన పాత త్రాగుడు జతగాని యింటికి వెళ్లెను. ఆ జతగాడు బిల్ విల్సన్. షేరు మార్కెట్టులో కంపెనీల స్థితిగతులు పరిశీలించి సలహా చెప్పుట ఆయన వృత్తి. త్రాగుడువలన అది పోయినది, భార్య లోయిస్ దుకాణములో ఉద్యోగము చేసి సంసారము నడుపుచుండెను. బిల్ స్నేహితునికి గ్లాసు నింపి అందించెను. ఎబీ వద్దనెను. వంటయింటి బల్లయొద్ద జరిగిన ఈ చిన్న సంగతి బిల్‌ను కలవరపెట్టినంతగా ఏ ప్రసంగమును కలవరపెట్టలేదు.

బిల్ త్రాగియే కాల్వరీ మిషనునకు వెళ్లి అందరితో కూడ మోకరించెను. డిసెంబరు 11న టౌన్స్ ఆసుపత్రిలో చేరెను. అది ఆయనకు మొదటిసారి కాదు. అక్కడ మిక్కిలి నిరాశలో దేవునికి మొరపెట్టగా గది వెలుగుతో నిండినట్టును, గొప్ప సమాధానము తన్ను కమ్మినట్టును ఆయనకు అనుభవమాయెను. తనకు మతి చలించినదేమోనని భయపడి వైద్యుడైన సిల్కువర్తును అడిగెను. నీకు కలిగినదేదైనను దానిని గట్టిగా పట్టుకొనుమని ఆ వైద్యుడు చెప్పెను. ఆ మంచముమీదనే బిల్ చేతికి విలియం జేమ్సు గ్రంథము వచ్చినది. బిల్ ఆ తరువాత ముప్పది ఆరేండ్లు, మరణమువరకు, త్రాగలేదు.

కాని కథ ఇక్కడ ముగిసినయెడల అది ఒక్కని సాక్ష్యమై యుండెడిది. ఆసుపత్రి విడిచిన బిల్ దాదాపు అయిదు నెలలు కనబడిన ప్రతి త్రాగుబోతుకును తన వెలుగు దర్శనమును ప్రకటించెను. ఒక్కడును బాగుపడలేదు. ఉపదేశము మానుము, ముందు వారి జబ్బు సంగతి చెప్పుము, అది వారిని చంపునది అని తెలియనిమ్ము అని సిల్కువర్తు హెచ్చరించెను. ఈ సలహాతో బిల్ 1935 మే నెలలో వ్యాపారపు వ్యాజ్యము మీద ఒహాయో రాష్ట్రములోని ఆక్రన్ పట్టణమునకు వెళ్లెను. పని చెడిపోయినది. మే 11, శనివారము. చేతిలో పది డాలర్లు మాత్రమే. మేఫ్లవర్ హోటలు వసారాలో ఒంటరిగా పచారు చేయుచుండెను. ఒక చివర పానశాల, అందులోనుండి నవ్వులు. మరియొక చివర టెలిఫోను, దానిప్రక్క ఊరి దేవాలయముల పట్టిక. ఒక్క గ్లాసు త్రాగి ఎవరితోనైనను మాటలాడవలెనను కోరిక కలిగెను. అప్పుడాయనకు ఒక సంగతి తట్టినది: ఈ అయిదు నెలలలో నేనెవరిని బాగుచేయలేదు గాని, వారియొద్దకు పోవుటచేత నేను బాగుగానుంటిని. ఇప్పుడు నాకు మరియొక త్రాగుబోతు కావలెను.

ఆయన పట్టికలోని వాల్టరు టంక్సు అను పాదిరికి టెలిఫోను చేసెను. తెలియని ఊరిలో తెలియని మనుష్యుడు, నాకొక త్రాగుబోతును చూపుడని అడిగినయెడల మన పాదిరిగారలు ఏమందురో! టంక్సుగారు నవ్వలేదు, టెలిఫోను పెట్టివేయలేదు. కొన్ని పేర్లు ఇచ్చిరి. ఒకరివెంట ఒకరిని పిలువగా చివరకు హెన్రియెట్టా సైబర్లింగు అను స్త్రీ దొరకెను. ఆక్స్‌ఫర్డ్ గ్రూపులోని ఈమె తమ స్నేహితుడైన రాబర్టు స్మిత్ అను శస్త్రవైద్యుని కొరకు ప్రార్థించుచుండెను. మరునాడు తల్లుల దినము, సాయంకాలము అయిదు గంటలకు వైద్యుడు ఆమె యింటికి వచ్చెను. పదునైదు నిమిషములకంటె ఉండనని భార్య ఆన్‌తో ముందే ఒప్పందము చేసికొని వచ్చినవాడు రాత్రి పదకొండు దాటినవరకు లేవలేదు.

ఇక్కడ మనము కొంచెము నిలువవలెను. డాక్టరు బాబ్ దేవుని ఎరుగనివాడు కాడు. రెండున్నర యేండ్లుగా ఆయన ఆ గ్రూపు కూటములకు వెళ్లుచుండెను, లేఖనములు చదువుచుండెను, ప్రార్థించుచుండెను. అయినను ప్రతి రాత్రి త్రాగుచుండెను. మన సంఘములలో ఇట్టివారు కలరు. ప్రార్థించియు మానలేకపోవుట చూచి వారి విశ్వాసము కల్ల అని మనము తీర్పు తీర్చుదుము. వారును తమ్మునుగూర్చి అట్లే తీర్పు తీర్చుకొందురు. బాబ్‌కు దొరకనిది ఉపదేశము కాదు. తన రోగమును అనుభవముచేత ఎరిగి, తన భాషలో మాటలాడగల మనుష్యుడు ఆయనకు అంతవరకు దొరకలేదు. పైగా బిల్ ఆయనకు మేలు చేయుటకు రాలేదు, సహాయము అడుగుటకు వచ్చెను. మీవలన నేను నిలుచుటకు వచ్చితిని అని చెప్పువాని యెదుట ఎవడు సిగ్గుపడును?

అయినను బాబ్ వెంటనే నిలువలేదు. కొన్ని వారములు మాని, అట్లాంటిక్ సిటీలో వైద్యుల మహాసభకు వెళ్లి, త్రోవ పొడుగున త్రాగి, తెలివి తప్పి తిరిగివచ్చెను. ఎదుట ఒక శస్త్రచికిత్స ఉండెను. బిల్‌ను ఆన్‌ను ఆయనకు శుశ్రూష చేసి, ఆ ఉదయము చేతుల వణకు నిలుచుటకు బిల్ ఒక సీసా బీరు ఇచ్చెను. బాబ్ చికిత్స చేసి, చాలసేపటివరకు ఇంటికి రాలేదు. మరల త్రాగెనేమోనని ఇంటివారు భయపడిరి. ఆయన మాత్రము తాను బాకీపడినవారి యొద్దకును, తనచేత నష్టపోయినవారి యొద్దకును ఒక్కొక్కరి యింటికి వెళ్లి, సంగతి ఒప్పుకొని వచ్చెను. ఆ సీసాయే ఆయన కడపటి పానము. ఆ దినమును 1935 జూన్ 10గా ఆ సహవాసమువారు లెక్కించి, తమ పుట్టుదినముగా ఎంచుదురు. ఆ నెలలోనే ఇద్దరును ఆసుపత్రిలో మంచమునకు కట్టబడియున్న ఒక న్యాయవాదియొద్దకు వెళ్లి తమ కథలు చెప్పగా, అతడు మూడవవాడాయెను.

1937లో బిల్, బాబ్ కూర్చుండి లెక్కించినప్పుడు నిలిచినవారు సుమారు నలుబదిమంది. 1938 చివర బిల్ పండ్రెండు మెట్లు వ్రాసెను: తన చేతగాదని ఒప్పుకొనుట, దేవునికి అప్పగించుకొనుట, తన జీవితమును పరిశీలించి ఇంకొకనియెదుట ఒప్పుకొనుట, నష్టపరచినవారితో సరిచేసికొనుట, ప్రార్థించుట, ఈ వర్తమానమును మరియొకనికి అందించుట. 1939లో వారి గ్రంథము అచ్చుపడి, దాని పేరే వారికి పేరాయెను: ఆల్కహాలిక్స్ అనానిమస్. ఆక్రన్‌లో యాకోబు పత్రికను అంతగా ప్రేమించిరి గనుక, యాకోబు క్లబ్బు అను పేరును కొందరికి తోచెను. 1941 మార్చిలో ఒక పెద్ద వారపత్రికలో వ్యాసము రాగా, రెండువేలుగానున్న సభ్యులు ఆ సంవత్సరాంతమునకు ఎనిమిది వేలైరి. 1957లో ఆ సహవాసము బొంబాయిలో మన దేశమున అడుగుపెట్టెను.

క్రీస్తు నామము ఆ మెట్లలో లేదని కొందరు విశ్వాసులు నొచ్చుకొందురు. ఆక్స్‌ఫర్డ్ గ్రూపునుండి న్యూయార్కువారు 1937లోను, ఆక్రన్‌వారు 1939లోను వేరుపడిరి. దేవుని గూర్చి ఎవరికి తెలిసినంతమట్టుకు వారు నమ్మవచ్చునని వ్రాసిరి. నాకును ఆ కొరత తోచును. కాని ఆ వాక్యము తలుపు తెరచియుంచుటకు వ్రాయబడినదని ఒప్పుకొనవలెను. దేవుని పేరు వినిననే లేచిపోవువారు ఆ గదిలో చాలమంది ఉండిరి, వారు లేచిపోయి చచ్చుచుండిరి.

బాబ్‌కు తోడ్పడినది ఐర్లండులో పుట్టిన సిస్టర్ ఇగ్నేషియా. ఆ కాలమున ఆసుపత్రులు త్రాగుబోతులను చేర్చుకొనెడివి కావు. ఆక్రన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో రోగులను చేర్చుకొను బల్లయొద్దనుండు ఈమె 1939లో బాబ్‌తో కలిసి ఆ తలుపు తెరచెను. బాబ్ 1950లో మరణించులోపల దాదాపు అయిదువేలమందికి రుసుము లేకుండ వైద్యము చేసెను. వెళ్లిపోవు ప్రతి రోగికిని సిస్టర్ ఒక చిన్న యేసు తిరుహృదయ పతకము ఇచ్చి, మరల త్రాగదలచినయెడల ముందు ఇది నాకు తెచ్చి ఇచ్చి వెళ్లుమని మాట తీసికొనెడిది. ఈ ఆసుపత్రి సంగతి మన పెద్దలు గమనింపవలెను. చాల యేండ్లు ఎక్కువగా త్రాగినవాడు హఠాత్తుగా మానినయెడల రెండు మూడు దినములలో వణకు, మూర్ఛలు, మతిభ్రమ కలిగి ప్రాణమునకే అపాయము రావచ్చును. ప్రార్థన చేసి గదిలో పెట్టి తాళము వేయుట వైద్యము కాదు. మొదట డాక్టరునొద్దకు తీసికొనిపోవలెను. ఆ మెట్ల పద్ధతిని గూర్చి జరిగిన 27 పరిశోధనలను 2020లో కాక్రేన్ సంస్థవారు పరిశీలించి, పూర్తిగా మాని నిలుచుటలో ఇది ఇతర చికిత్సలకు తీసిపోలేదనియు, కొన్నిట మేలనియు తేల్చిరి.

మన తెలుగుదేశములో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాస్యత తరగతులలో చదివి, చర్చించుకొని, ఊరి సారా అంగడిని మూయించిరి. ఆ నిప్పు జిల్లాలకు ప్రాకెను. 1993 అక్టోబరు 1నుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16నుండి సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. ఆ అక్కలు చేసినది సామాన్యమైన పని కాదు, వారిని తక్కువచేసి మాటలాడుట కృతఘ్నత. అయితే శాసనము అంగడి మూయగలదు. అంగడి మూసిన రాత్రి వణకుచు కూర్చున్న మనుష్యునియొద్ద కూర్చుండలేదు. ఆ పనికి వారమునకొక సాయంకాలము ఒక గదియు, కొన్ని కుర్చీలును, టీయును, పడి లేచిన ఇద్దరును కావలెను. గుడి ప్రక్క గది వారములో ఆరు దినములు తాళముతోనేయుండును గదా.

ఎబీ సంగతి చెప్పక విడువరాదు. బిల్‌కు వర్తమానము తెచ్చిన ఎబీ తాను నిలువలేదు. రెండేండ్లుకు పైగా నిలిచి 1937లో పడెను. ఆ తరువాత మానుట, పడుట, మరల మానుట, ఇట్లు దాదాపు ముప్పది యేండ్లు గడచెను. లక్షలమంది తన మాటవలన లేచుచుండగా తాను పడియుండుట ఎంత బరువో ఊహింపవచ్చును. బిల్ ఆయనను విడువలేదు. ఖర్చులకు ఇచ్చెను, ఆశ్రయము వెదకెను, తన్ను లేపినవాడు ఎబీయే అని చివరివరకు చెప్పెను. కడపట ఎబీ న్యూయార్కు రాష్ట్రములో ఇట్టివారికై నడుపబడు ఒక పల్లె గృహములో ఉండెను. అక్కడనే 1966 మార్చిలో మరణించెను. అప్పటికి ఆయన త్రాగి రెండేండ్లు దాటెను.